మబ్బు బరిలో చోటు

ఆటలో నోడి చెలికాని నంసమందు
మోసికొనిపోయి నగవుల మురిపె మొలుక
గొల్లపిల్లలతో నాడుకొన్న వేల్పు
గెలుపు నోటమి సమముగాఁ గృపను నేర్పు.

ముల్లోకాలను మోసే స్వామి ఒకనాడు ఆటలో ఓడి, నియమం తప్పకుండా తోటి గోపబాలుణ్ణి వీపున మోశాడు. ఆ వీపుకు అంటిన బృందావన ధూళిని శిరసున ధరించి, కథలోకి అడుగు పెడదాం.

హరితకూట రాజ్యానికి ఉత్తరపు సరిహద్దున ఇంద్రనీల పర్వతం ఉంది. శరత్కాలం రాగానే ఆ శిఖరం మీదికి ఒక తెల్లని మేఘం దిగివచ్చి, కొలనులో వాలిన హంసలాగా రెక్కలు ముడుచుకొని నిలుస్తుంది. కాలు మోపితే అది పాలమీగడలా కొంచెం కుంగి, మరల మెల్లగా పైకి లేస్తుంది. దాని అంచుల నుంచి జారే మంచుతుంపర ఎండ తగిలినచోట చిన్న చిన్న ఇంద్రధనుస్సులై విరిగి లోయలో పడుతుంది. ఆ మేఘం నడుమ, మెరుపుతీగతో గీసిన గీతకు ఇరువైపులా, ఏటేటా చెడుగుడు ఆట జరుగుతుంది. ఇటు పక్షాన శమీవన గురుకుల శిష్యులు ఏడుగురు. అటు పక్షాన మేఘలోకపు యువజనం ఏడుగురు. గెలిచిన పక్షానికి మేఘరాజైన జీమూతుడు ఎన్నటికీ వాడని పూలమాల బహూకరిస్తాడు. ఓడిన పక్షం గెలిచినవారిని వీపున మోసి బరి చుట్టూ తిప్పుతుంది.

ఆ బరిలో తీర్పరి లేడు. కూత వేస్తూ గీత దాటి వచ్చినవాడు తనను తాకితే, తాకబడ్డవాడే చేయెత్తి “అంటు నాది” అని పలికి, బరి విడిచి పక్కనున్న అరుగు మీదికి పోవాలి. ఎవరు చూశారు, ఎవరు చూడలేదు అన్న ప్రశ్న అక్కడ పుట్టదు.

దండనాయకుడు భీమరథుడి కుమారుడైన ధృతకీర్తికి ఆ అరుగు బాగా పరిచయం. ఏళ్ళ తరబడి అతడి చోటు అదే. శిష్యులు దానికి నిద్రపీట అని పేరు పెట్టారు. బరిలోకి దిగే ఏడుగురి పాదాలకూ ఆట ముందు తైలం మర్దించడం అరుగు మీది వాడి విధి. ఏ ఉదయం ఎవరు ఆడాలో ఆచార్య ఋతంభరుడు నుదుట విభూతి పెట్టి తెలియజేస్తాడు. నాకెందుకు పెట్టలేదని అడిగిన శిష్యుడు గురుకులంలో ఎన్నడూ లేడు.

అయితే ఆ సంవత్సరం ఒక తండ్రి అడిగాడు.

ఆటనాడు తెల్లవారగానే, శిఖరం మీద పారిజాతాలు ఏరుతున్న ధృతకీర్తికి పొద వెనుక నుంచి తండ్రి గొంతు వినిపించింది.

“ఆచార్యా, మావాడు కూర్చుని కూర్చుని ఆ అరుగు మీద వాడి ఆకారం పడిపోయింది.”

“కూర్చోవడంలో లోపమేమీ లేదు దండనాయకా. నిటారుగానే కూర్చుంటాడు.”

“పరిహాసం వద్దు. ఈ మబ్బు మీద కాలుపెట్టి ఆడినవాడే మా వంశంలో సేనాపతి నడికట్టు కడతాడు. మా తాతగారు ఆడారు, మా తండ్రిగారు ఆడారు, నేను ఆడాను. ఈ సంవత్సరంతో వీడికి వయసు దాటిపోతుంది. పడవ తోసేవాడి కొడుకు బరిలో గంతులేస్తుంటే, నా కొడుకు వాడి కాళ్ళకు నూనె రాయడమా?”

“ఏరన్న కూత వేస్తే అవతలివాళ్ళు నిలువునా తడబడతారు. కీర్తికి గీత దాటగానే ఊపిరి తెగుతుంది. అది నిలిచిన రోజున మీరు రానక్కరలేదు, నేనే పిలుస్తాను. యుద్ధానికి పోయేటప్పుడు మీరు గుర్రాన్ని దాని నడక చూసి ఎక్కుతారా, వంశం చూసి ఎక్కుతారా?”

“గుర్రానికి కూడా వంశం చూస్తాం ఆచార్యా.”

ఋతంభరుడు నవ్వాడు. “నేను గుర్రాలవాణ్ణి కాను. విభూతి ఏరన్నకే.”

ధృతకీర్తి ముఖం సిగ్గుతో ఎర్రబడింది. అయినా తండ్రి మాట నెగ్గితే బాగుండునన్న చిన్న ఆశ కూడా పూలసజ్జ అడుగున పువ్వులా ఒదిగి ఉంది. అతడు చప్పుడు చేయకుండా అక్కడి నుంచి తప్పుకున్నాడు.

కొండ మలుపులో ఒక తైలాల వర్తకుడు కావడి దించి కూర్చున్నాడు. వాడి కళ్ళు పొగ పట్టిన అద్దాల్లా ఉన్నాయి. కొద్దిసేపటికి భీమరథుడు వాడి దగ్గర వంగి ఏదో మాట్లాడటం, చేతిలో ఒక సొరకాయ బుర్రతో తిరిగి రావడం ధృతకీర్తి పైనుంచి చూశాడు.

“మీ ఆచార్యులవారి తైలం అయిపోవచ్చిందట కదా. ఇది వాడు నాయనా” అని తండ్రి ఆ బుర్రను చేతిలో పెట్టి, కొడుకు కళ్ళలోకి చూడకుండా వెళ్ళిపోయాడు.

ఏరన్న కాళ్ళు చాపుకొని అరుగు మీద కూర్చున్నాడు. నదిగాలికి రాటుదేలిన నల్లని దేహం, ఎప్పుడూ నవ్వుతూ ఉండే నోరు. గురుకులంలో చేరిన తొలినాడు, ఈత రాక మునిగిపోతున్న ధృతకీర్తిని జుట్టు పట్టి ఒడ్డుకు లాగింది అతడే. ఆనాటి నుంచి ఇద్దరిదీ ఒకే చాప, ఒకే విస్తరి.

“గట్టిగా రాయరా. దండనాయకుడి కొడుకు నా కాళ్ళు పట్టాడంటే మా అమ్మ నమ్మదు.”

“నోరు మూసుకోకపోతే గిలిగింతలు పెడతాను.”

“మీ నాన్నగారు నామీద నిప్పులు చెరుగుతున్నారట. మధ్యాహ్నానికి నేనే అలిసిపోయానని చెప్పి ఆచార్యుల చేత నిన్ను పిలిపిస్తాలే. కాసేపు ఆడి, ఆయనకు కనబడి రా.”

తైలం ఎన్నడూ లేని ఘాటు వాసన వేసింది, కాలిన ఈకల వాసన. ధృతకీర్తి చేయి ఒక క్షణం ఆగింది. ఇదేం తైలమని తండ్రిని పిలిచి అడగవచ్చు. అతడు అడగలేదు. మిత్రుడి రెండవ పాదానికీ రాశాడు. అంతలో ఆచార్యుడు తన తైలపు గిన్నెతో వచ్చి మిగిలినవారి పాదాల ముందు పెట్టాడు.

శంఖం మోగింది. మేఘలోకపు వారు బరి అంచు నుంచి పొగమంచులా పైకి లేచి, చూస్తుండగానే మానవరూపాలు దాల్చారు. వారి నాయిక తటిల్లత. ఆమె నడిస్తే నీలి వల్లెవాటు వెనుక సన్నని మెరుపుచార కదులుతుంది. శమీవన నాయకుడు మందరుడితో చేతులు కలిపి, “పోయిన ఏడు మమ్మల్ని మోసిన వీపులు ఎలా ఉన్నాయి?” అని అడిగింది.

“ఈ ఏడు మీ వంతు కదా అని విశ్రాంతిగా ఉన్నాయి” అన్నాడు మందరుడు.

తొలి కూత ఏరన్నది. గీత దాటి, పడవపాట లాంటి తన కూతతో అవతలి పక్షంలోకి అల్లుకుపోయాడు. ఒకరిని తాకాడు, మరొకరి చేతుల కింద నుంచి జారాడు, వెనుతిరిగాడు. సరిగ్గా గీత దగ్గరకు వచ్చేసరికి అతడి కూత విరిగి, సన్నని పక్షి అరుపుగా మారింది. పాదాలు మబ్బును విడిచాయి. చాచిన చేతులు రెక్కలయ్యాయి. ఒక తెల్లని కొంగ భయంతో గిరగిరా తిరుగుతూ ఆకాశంలోకి లేచింది.

ఆట నిలిచిపోయింది. ఆచార్యుడు సొరకాయ బుర్రను వాసన చూసి, కళ్ళు మూసుకున్నాడు.

“ఇది కుహకాక్షుడి తైలం. ఆ మాంత్రికుడు పడమటి కొసన ధూమ్రగిరి మీద ఉంటాడు. అక్కడి ఒంటి చెట్టు గింజల నుంచి దీన్ని తీస్తాడు. ఆ చెట్టు ఆకుల పసరు పాదాలకు రాస్తేనే విరుగుడు. సూర్యాస్తమయం లోపల అది జరగకపోతే, ఈ పక్షి తన మనిషిపేరు మరచిపోతుంది. పేరు మరచినవాణ్ణి ఇక ఎవరూ వెనక్కి పిలవలేరు. ధూమ్రగిరికి గుర్రం మీద వారం రోజుల దారి.”

తటిల్లత తన మేఘసింహాసనం మీద ఉన్న జీమూతుడి వైపు తిరిగింది. “మహారాజా, ఆట ఆపుదాం.”

మేఘరాజు తల అడ్డంగా ఊపాడు. “ఆట మొదలైతే ఆపే నియమం లేదు తల్లీ. కానీ ఈసారి శమీవనం గెలిస్తే, మాలకు బదులుగా ఆ కుర్రవాడి రూపం అడగవచ్చు. నేనే ఇస్తాను.”

ఋతంభరుడు విభూతి తీసుకుని అరుగు దగ్గరకు నడిచాడు. “కీర్తీ, లే. ఏరన్న చోటు నీది.”

ఇన్నేళ్ళుగా కలలో విన్న పిలుపు అది. ధృతకీర్తి లేచి నుదురు వంచాడు. కొండవాలున జనం మధ్య భీమరథుడు లేచి నిలబడి, కొంగను చూసి, మీసం మీదికి పోయిన చేతిని కిందికి దించుకున్నాడు.

ఆ మధ్యాహ్నపు ఆటను చూసినవారు తరువాత దాన్ని కలగానే చెప్పుకున్నారు. పడితే దెబ్బ తగలదు, మబ్బు ఒడిలో వేసుకొని మళ్ళీ లేపుతుంది. పరుగెత్తితే అడుగుల చప్పుడు లేదు. దూరపు జలపాతం లాంటి గుసగుస మాత్రమే వినబడుతుంది. కూతలు ఒకదానిలో ఒకటి కలిసి వేణువులయ్యాయి. ఆటగాళ్ళ నీడలు మేఘం లోపలికి ఇంకి, నీటి అడుగున చేపల్లా కదిలాయి. పైన కొంగ వలయాలు తిరుగుతూనే ఉంది. ధృతకీర్తి కూతకు వెళ్ళినప్పుడు, పడవలో పక్కన కూర్చుని విన్న ఏరన్న పాట అతడి నోట పలికింది. ఊపిరి తెగలేదు. ఒకరిని తాకాడు, తిరిగి వచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు. “ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావురా దీన్ని?” అన్నాడు మందరుడు ఆయాసపడుతూ. కొద్దిసేపటికి మందరుడు కూడా చేయెత్తి “అంటు నాది” అని అరుగెక్కాడు.

సూర్యబింబం పడమటి కొండ కొమ్ముకు చేరువైంది. కొండను అది తాకగానే ఆట ముగియాలి. అటు పక్షాన తటిల్లత ఒక్కతే మిగిలింది. ఇటు ధృతకీర్తి ఒక్కడే మిగిలాడు. చివరి కూత ఆమెది. అంటి తిరిగి వెళితే ఆమె పక్షం గెలుస్తుంది. వట్టి చేతులతో వెళితే ఓడుతుంది.

ఆమె వచ్చింది. వానకు ముందు వీచే గాలిలా బరి నలుమూలలా తిరిగింది. ధృతకీర్తి వంగాడు, దూకాడు, మబ్బు మీద దొర్లాడు. ఆమె వేలు ఎదురురొమ్మును తప్పింది, భుజాన్ని తప్పింది. ఆమె వెనుతిరిగే ముందు చివరిసారి చేయి విసిరింది. అతడు ఎగిరాడు. ఆమె కూత తెగకుండానే గీత దాటి ఆగి, నిట్టూర్చి, తన వేళ్ళ వైపు చూసుకుంది.

“అందలేదు” అంది నవ్వుతూ. “గెలుపు మీది. రండి, మోస్తాం.”

కొండవాలున కేకలు చెలరేగాయి. శిష్యులు అరుగు మీద నుంచి దూకారు. ధృతకీర్తి మాత్రం కదలలేదు. ఎగిరిన క్షణంలో అతడి మడమ అంచుకు చల్లని స్పర్శ తగిలింది. వెంట్రుక బరువు కూడా లేదు. ఆమెకే తెలియలేదు. లోకంలో మరెవరికీ తెలియదు.

మందరుడు అతడి ముఖం చూసి దగ్గరకు వచ్చి, పెదవులు కదలకుండా అన్నాడు. “ఏమైనా సరే మాట్లాడకు. నీ కోసం కాదు. ఏరన్న కోసం.”

కొంగ బాగా కిందికి దిగి, బరి మీద వాలి, మెడ వంచి ధృతకీర్తిని చూసింది. ఆ కళ్ళలో ఏరన్న ఇంకా ఉన్నాడు. వాడి చోటులో నిలబడి, వాడి పాట పాడి, వాడు ఎన్నడూ చేయని పని చేసి వాణ్ణి వెనక్కి తెచ్చుకోవాలి.

అతడు చేయెత్తాడు.

“అంటు నాది.”

కొండవాలు నుంచి దండనాయకుడి గొంతు వినిపించింది. “అంటలేదు. నేను చూశాను, అంటలేదు.”

“మడమకు తగిలింది నాన్నగారూ.”

“ఇంత దూరం నుంచి నాకు కనబడింది, నీకు తెలియదా?”

“నా మడమ నాకు తెలియదా నాన్నగారూ?”

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. మందరుడు తల దించుకుని, “వంగండిరా, మోయాలి” అని మాత్రం అన్నాడు. అతడి గొంతులో కోపం ఉంది. అయినా అందరికంటె ముందు వంగింది అతడే.

ధృతకీర్తి తటిల్లతను వీపున ఎత్తుకుని బరి చుట్టూ నడిచాడు. తడిసిన దూది మోసినట్టు ఉంది. ఒక చుట్టు పూర్తి కాగానే ఆమె కిందికి దిగి, జీమూతుడి ముందు నిలిచింది.

“మహారాజా, నా మాలకు బదులు ఆ కుర్రవాడి రూపం ఇప్పించండి.”

“ఓడినవారికి గెలుపు ఫలం ఇస్తే రేపటి నుంచి గెలవడానికి ఎవరూ చెమటోడ్చరు తల్లీ. నీకోసం ఏదైనా అడుగు.”

ఆమె పడమటి వైపు చూసింది. కొండను తాకిన సూర్యుడు అంగుళం అంగుళంగా దాని వెనుకకు జారుతున్నాడు.

“నాకోసమే అడుగుతున్నాను. ఈ సాయంకాలం ఈ మేఘం ఎటు పోవాలో నేను చెబుతాను.”

జీమూతుడి గడ్డం మెరుపులతో చిట్లింది. అది ఆయన నవ్వు. “తీసుకో. అయితే శిఖరం విడిచాక అది, ఆ పక్షి కాక, నేల మీద పుట్టినవాళ్ళలో ఒక్కడినే మోయగలదు.”

తటిల్లత గబగబా చెప్పింది. “సూర్యుడు ఎంత వేగంగా పడమటికి పోతాడో, మనమూ అంత వేగంగా పోతే మన కంటికి ఆయన అస్తమించడు. ధూమ్రగిరి చేరేదాకా ఈ పొద్దును ఇక్కడే నిలబెడతాను. ఎవరు వస్తారో త్వరగా తేల్చండి.”

అప్పటికి భీమరథుడు కొండవాలు ఎక్కి, రొప్పుతూ బరి అంచుకు చేరాడు. నడుముకున్న సేనాపతి నడికట్టు విప్పి ఆచార్యుడి పాదాల ముందు పెట్టాడు.

“కాలు కాస్త మడత పడుతుందన్నాడు ఆ వర్తకుడు. ఒక్క పూట కుంటుతాడనుకున్నాను. ఇలా అవుతుందని తెలియదు ఆచార్యా. తప్పు నాది, పోవలసింది నేను. ఆ చోటు నాకు ఇప్పించండి.”

“కుంటినా అది తప్పే దండనాయకా” అన్నాడు ఋతంభరుడు.

“ఒప్పుకుంటున్నాను. అక్కడ మాంత్రికుడు ఉన్నాడు. వీడు పసివాడు, వీణ్ణి పంపకండి.”

“నాన్నగారూ” అన్నాడు ధృతకీర్తి. అతడి చంకలో కొంగ ఒదిగి ఉంది. “నేను ఆడాలని పొద్దున అడిగారు. పంపవద్దని సాయంత్రం అడుగుతున్నారు. ఆచార్యులవారు ఏ మాట వినాలి?”

భీమరథుడు నడుమున మిగిలిన చిన్న కత్తిని ఒరతో సహా తీసి కొడుకు చేతిలో ఉంచాడు. “ఆ వర్తకుడే కుహకాక్షుడై ఉండాలి. వాడి కళ్ళలోకి చూసి మాట్లాడకు. నేను చూశాను” అన్నాడు మెల్లగా.

“వాసన వచ్చినప్పుడు నేనూ అడగలేదు నాన్నగారూ” అంటూ ధృతకీర్తి వంగి తండ్రి పాదాలకు, ఆచార్యుడి పాదాలకు మొక్కాడు. విభూతి కోసం ఆగలేదు. మేఘం అంచు అప్పటికే శిఖరం నుంచి విడిపోతోంది. పరుగెత్తి దూకాడు.

మేఘం ఒక్కసారిగా పడమటికి వాలింది. ఇంద్రనీల పర్వతం, కొండవాలున చేతులెత్తిన జనం, హరితకూటపు పొలాలు, వెండి చారలాంటి నది వెనుకకు కొట్టుకుపోయాయి. గాలి చెవుల్లో సముద్రమైంది. తటిల్లత ముందు నిలబడి, రెండు చేతులతో మెరుపుతీగను పగ్గంలా పట్టుకుంది. కొండ వెనుక సగం మునిగిన సూర్యుడు ఆగాడు. ఆ తరువాత, ఎవరో అడుగు నుంచి ఎత్తుతున్నట్టు, ఎర్రగా, నెమ్మదిగా మరల పైకి రాసాగాడు. మేఘమంతా కుంకుమరంగు పులుముకుంది. కొంగ రెక్కలు కూడా ఎర్రబడ్డాయి.

“ఏరన్నా” అని పిలిచాడు ధృతకీర్తి, దాని చెవి దగ్గర.

కొంగ తల తిప్పింది.

“ఏరన్నా, నేనురా.”

అది ముక్కు తెరిచి, బొంగురుగా, ఎంతో కష్టం మీద, “కీ...” అంది.

అంతలో తటిల్లత పగ్గం బిగించి పట్టింది. ఎదుట, సూర్యబింబానికి అడ్డంగా, ఒక పొగకొండ లేచి నిలిచింది. దాని కొమ్మున ఒకే ఒక్క చెట్టు, ఆకులన్నీ నల్లగా, గాలి లేకుండానే ఊగుతోంది. చెట్టు మొదట్లో కావడి దించుకుని, పొగ పట్టిన అద్దాల్లాంటి కళ్ళతో ఆ తైలాల వర్తకుడే కూర్చుని ఉన్నాడు. వాడు తల ఎత్తి, వస్తున్న మేఘాన్ని చూసి, ఎన్నాళ్ళుగానో ఎదురు చూస్తున్న అతిథులను పిలిచినట్టు చేయి ఊపాడు. ఆ చేతి సైగకు చెట్టు ఆకులన్నీ ఒక్కసారిగా కొమ్మలను విడిచి, రెక్కలు విప్పి, నల్లని గద్దల గుంపై మేఘం మీదికి దూసుకు వచ్చాయి.

ధృతకీర్తి కొంగను ఉత్తరీయంతో ఎదకు కట్టుకుని, తండ్రి ఇచ్చిన కత్తిని ఒర నుంచి దూశాడు.

ఈ కథను చదివినవారికి, చదివి వినిపించినవారికి, చెవి ఒగ్గి విన్నవారికి ఆయురారోగ్యాలు సమకూరుగాక. వారి పొలాలకు వేళకు వాన, వారి బిడ్డలకు మంచి చెలిమి, వారి నాలుకకు సత్యం ఎడబాయకుండుగాక. స్వస్తి.